ఏడు బారలు

చిలోయె దీవిలో ఆటు మొదలయ్యాక
నీళ్ళు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతాయి.
రేవులో పడవలన్నీ బురద మీద
తలో పక్కకీ ఒరిగి పడుకుంటాయి.
పోటు తిరిగొచ్చేదాకా ఆరు గంటలు.
ఆలోగా రోసమెల్ చెయుకెపిల్ పడవ వెనకచెక్కకి
నేను రెండు చిల్లులు వేసి, మూసెయ్యాలి.

"నలభై ఏళ్ళు కన్నం పడకుండా కాచుకున్నాను.
ఇవాళ డబ్బిచ్చి పొడిపించుకుంటున్నాను" అన్నాడు.
వాన.
తన దగ్గరున్న ఒక్క గొడుగూ
నాకు కాదు, డ్రిల్లుకి పట్టాడు.

సైప్రస్ పొట్టు లేత పసుపు.
చెక్క నరికి ముప్ఫై ఏళ్ళయినా
లోపల వాసన ఇంకా పచ్చిగానే ఉంది.

చిల్లుల్లో జిగురు కూరి
సబ్బుబిళ్ళంత నల్లటి ముక్కని బిగించాను,
పడవ తేలాక నీటికి మూరెడు కింద ఉండేటట్టు,
ప్రొపెల్లర్ నురగకి ఎడంగా.
నురగ తగిలిందా, చెవుడే దానికి.
తీగ ఎనిమిది మీటర్లు మిగిలింది.
కొయ్యబోయాడు, చెయ్యి పట్టుకున్నాను.
"కోస్తే పాడైపోతుంది తాతా,
చుట్ట చుట్టి దాచాలి,
ఇంజను తీగల పక్కన మాత్రం వద్దు.
వాటి గొణుగుడంతా తెర మీద చుక్కలై కురుస్తుంది."
"బయట కురిసేది చాలదూ" అన్నాడు.

చీకటి పడకముందే తేలాం.

తెర వెలిగింది. పది పాయింట్ ఏడు.
ఆయన దాని వంక చూడలేదు.
సంచిలోంచి సీసపు గుండు తీశాడు,
అడుగు గుంటలో గొర్రెకొవ్వు మెత్తాడు,
వాళ్ళమ్మ చేతులు చాపి
బారకో ముడి వేసిన తాడు
వేళ్ళ మధ్యనుంచి జారవిడిచాడు.
ఏడు ముడులు తడిశాయి.

ఆవిడ బార మీటరూ అరవై, టేపు పెట్టి చూశాను.
ఏడు బారలంటే పదకొండు పాయింట్ రెండు.
"నీ పెట్టె అబద్ధమాడుతోంది పిల్లా,
అర మీటరు మింగేసింది."
"మింగలేదు తాతా.
మీ అమ్మ నీటిమట్టం నుంచి కొలిచింది.
ఇది తను వేలాడుతున్న చోటునుంచి కొలుస్తోంది.
కావాలంటే ఆ మూరెడూ కలపమని చెప్తాను."
కాసేపు ఆలోచించాడు.
"వద్దులే. తక్కువ చెప్పేవాడితో
పడవ రాయెక్కదు."

గుండు కొవ్వుకి అంటిన బురద
రెండు వేళ్ళతో నలిపి మూశాడు.
"మెత్తన. గుల్లల నుసి."
తెర మీద అడుగు గీత పల్చగా ఉంది,
మెత్తటి నేల శబ్దాన్ని తాగేస్తుంది కాబట్టి.
నేనేమీ అనలేదు.

ముక్కురాయి దాటుతుంటే
గీత ఒక్కసారిగా దళసరై లేచింది,
సరిగ్గా రెట్టింపు లోతున ఇంకో గీత.
"సముద్రం కింద ఇంకో సముద్రమా?"
"అదే శబ్దం. రాతికి తగిలి పైకొచ్చి,
నీటి కప్పుకి కొట్టుకుని, మళ్ళీ దిగి వచ్చింది."
"మా ఆవిడ అడిగే ప్రశ్నలాగా" అన్నాడు.
ఆవిడ పోయి రెండేళ్ళు.

ఇంజను ఆపాం. లంగరు పట్టింది.
నాలుగు బారల దగ్గర
ఒక గీత మొదలై, అలా సాగుతూ పోయింది.
ఆయన కళ్ళు మెరిశాయి: "ఎంత పొడుగు చేప!"
పొడుగు చేప కాదు.
మన కింద కదలకుండా నిలబడ్డ
చిన్న చేపే కావచ్చు.
ఇది పటం కాదు తాతా, ఇది కాలం.
కుడి అంచు ఒక్కటే ఇప్పుడు.
మిగతా తెరంతా అయిపోయింది.

గాలం వెయ్యలేదు.
కుడి అంచు మీద వేలు పెట్టి కూర్చున్నాడు.
ఎప్పుడో గీత ఆగింది.
ఆగిన గీత ఎడమకి జరుగుతూ జరుగుతూ
తెర దాటేదాకా వేలు తియ్యలేదు.

రేవుకొచ్చాక బిల్లు రాశాను.
మిగిలిన తీగకి కూడా డబ్బెందుకని తగువులాడి
ఇచ్చేశాడు.
బల్ల కింద ఆ తీగచుట్ట పక్కనే
తడితాడు పెట్టబోతే ఆపాను:
"ముందు ఆరబెట్టు తాతా, తీగకి తడి తగులుతుంది."
ఈ వానలో ఎక్కడ ఆరబెట్టేదని
తాడు మెళ్ళో వేసుకుని వెళ్ళిపోయాడు,
ముడులు ఒక్కొక్కటీ
కోటు మీద నీళ్ళు కారుస్తుండగా.