ఎడమ మేకు ఆఖరున

గ్రిమ్స్‌బీలో వాన కూడా ఉప్పగానే ఉంటుంది.
రేవు వెనక వీధిలో
భుజాలు రాసుకుంటూ నిలబడ్డ ఇళ్ల వరసలో
పద్నాలుగో నంబరు, మేడ మీద పడకగది.
వెరిటీ తలుపు తీసి చూపించింది:
"ఇదిగో, ఈ ఏనుగు."

గోడ నుంచి గోడకి, నేల నుంచి కప్పుకి
బిగించేసిన అల్మరాలు.
తెలుపు మీద మీగడ రంగు, దాని మీద మళ్లీ తెలుపు,
నలభై ఏళ్ల పూతల్లో సందులన్నీ పూడిపోయి
ఎక్కడ మొదలో ఎక్కడ తుదో తేలని మొండితనం.
"సుత్తితో నాలుగు వేస్తే రాదూ?" అంది.
రాకేం, వస్తుంది.
కప్పుని కూడా వెంట తెచ్చుకుంటుంది.

కూల్చడం వేరు, విప్పడం వేరు.
నాకు పని నేర్పిన మోయిరా అనేది:
కట్టినవాడు ఆఖరున చేసింది
నువ్వు మొదట చెయ్యి.

కిందికెళ్లి ఫ్యూజు పెట్టె దగ్గర కరెంటు ఆపాను.
ఆపినా నమ్మలేదు, టెస్టరు పెట్టి చూశాకే నమ్మాను.
అద్దం మీది దీపం కోసం ఎప్పుడో లాగిన తీగ
చెక్క వెనక పాములా పడుకుని ఉంది.
నిద్రపోతోంది కదా అని ఎవరూ తోక తొక్కరు.

సొరుగులు. అరలు.
కోట్లు మోసి మోసి నడుం వంగిన కడ్డీ.
అద్దాలకి అడ్డంగా, ఐమూలగా టేపు అంటించాను,
పగిలినా ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.
తలుపుకి కింది బందు ముందు, పై బందు తర్వాత,
లేకపోతే తన బరువెంతో నీ పాదానికే చెబుతుంది.
రంగు గీకే ముందు తడిపాను.
పాత రంగులో సీసం ఉంటుంది,
దుమ్మై లేచిందంటే ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది.

కప్పుకీ చెక్కకీ మధ్య బూడిదరంగు పలక ఒకటి కనిపించింది.
చెయ్యి అక్కడే ఆపేశాను.
అది ఉత్త పలకో, ఆస్బెస్టాసో
కంటికి తెలిసే సంగతి కాదు.
గది మూసి, తెలిసినవాళ్లని పిలిచి, వారం ఆగాం.
ఆ వారం వెరిటీ సోఫాలో పడుకుంది.
చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, పగటి నిద్ర.
ఎప్పుడవుతుందని ఒక్కసారీ ఫోను చెయ్యలేదు.
కాగితం వచ్చింది: ఏమీ లేదు, మామూలు అట్ట.
ఇద్దరం నవ్వుకున్నాం.
మాస్కు మాత్రం తియ్యలేదు.

మిగిలింది పై అర. తల దూర్చి టార్చి వేశాను.
పనివాళ్లు తప్ప ఎవరూ చూడని ఆ మూల
పెన్సిలుతో పొట్టి అక్షరాలు:
"గోడ నిటారుగా లేదు, తప్పు నాది కాదు.
ఎడమ మేకు ఆఖరున తియ్యి.
బరువంతా దాని మీదే ఉంది."
పేరు లేదు. చిన్న పడవ బొమ్మ గీసి ఉంది.

కట్టేవాళ్లంతా
తాము కట్టింది ఎప్పటికీ నిలుస్తుందనుకుంటారు.
ఇతను మాత్రం
ఎప్పుడో వచ్చి విప్పబోయే ఒక తల గురించి ఆలోచించాడు.

నా నిచ్చెన అప్పటికే ఎడమ పక్కన వేసి ఉంది.
దిగి, ఇవతలికి జరిపాను.

కింద రెండు దుంగలు దన్ను పెట్టి
కుడి వైపు మేకులు ఒక్కొక్కటే తిప్పాను.
తుప్పు పట్టినవి కాసేపు ఏడ్చి వదిలాయి.
ఆఖరున ఎడమది.
అల్మరా ఒక్కసారి నిట్టూర్చి
అలసిన గేదె కూలబడ్డట్టు
దన్ను మీదికి ఒరిగింది.

వెనక గోడ.
వెలుగు మరిచిపోయిన సున్నం మీద బూజు,
నేల సందులో ఒక తలపిన్ను.
అప్పుడు దగ్గు వినిపించింది.
గదిలో కాదు, గోడలో.
ముసలి దగ్గు. తర్వాత రేడియో.
తర్వాత చెంచా కప్పుకి తగిలిన చప్పుడు.
ఇన్నాళ్లూ చెక్కా బట్టలూ కలిసి మింగిన
పదహారో నంబరు ఇల్లు.

ఎనిమిది నెలలుగా ఈ గదిలోనే పడుకుంటున్న వెరిటీకి
జానెడు అవతల ఇంకో తలగడ ఉందని తెలియదు.
ఏమీ అనలేదు.
చేతిలో టీ కప్పుని వంగి నేల మీద పెట్టింది,
చప్పుడు కాకుండా.