ఎనభై ఒకటి

ఆకివీడులో ఏరియేటర్ల షాపు మీద గది.
మేం నలుగురం, కుర్చీలు మూడు.
చెరువుల్లో చక్రాలు ఎప్పుడు తిరగాలో చెప్పే ప్రోగ్రాం రాస్తాం.

వరుస ఎనభై అక్షరాలు దాటకూడదంటుంది ఎస్తేరు.
నూట ఇరవై అంటాడు జోగిరాజు,
ఇంత వెడల్పు తెర కొన్నది దండెం కట్టుకోడానికా అని.
పెసరట్టు దగ్గర మొదలైంది.
అట్టు చల్లారింది, వాళ్ళు చల్లారలేదు.
"అసలు ఎనభై అని ఎవడన్నాడు?"
"అట్టముక్కలకి చిల్లులు పొడిచే రోజుల్లో, అట్టకి ఎనభై గళ్ళు."
"ఆ అట్ట పోయింది కదా, దాని తద్దినం మనమా పెట్టేది?"

ట్యాబా, నాలుగు ఖాళీలా, అదింకో తగువు.
పగలు ఆవిడ సర్దిన ఫైలుని రాత్రి ఈయన చెదరగొట్టేవాడు,
గట్టు రాయి జరుపుకున్నట్టు, జానెడు జానెడు.
నేను ఎటూ కాదు.
నా జీతం ఏ వెడల్పులోనైనా పడుతుంది.

మబ్బు పట్టిన రాత్రి, రెండింటికి, చినకాపవరం నుంచి అబ్బులు:
"కరెంటుందండి. చక్రం తిరగట్లేదండి. రొయ్య పైకొచ్చేసిందండి."

గట్టు మీద వాన. నా చేతిలో ఫోనే.
బెత్తెడు అద్దంలో జోగిరాజు వరుస:

నీళ్ళలో గాలి తగ్గితే, కరెంటు ఉంటే, పొద్దు పొడవకపోతే, మీటరు పాడై

అక్కడ తెగింది.
పాడై ఉంటేనా? ఉండకపోతేనా?
మనం "లేదు"ని తోకలో దాచే జాతి.
ఆఖరి మాట పడేదాకా
బాకీ తీరుస్తానన్నాడో తీర్చనన్నాడో తెలీదు.

వరుసని బొటనవేలితో పక్కకి లాగుతున్నాను.
తడి వేలికి అద్దం లొంగదు.
టార్చి వెలుగులో నీటి మీద ఎర్రటి కళ్ళు,
వందలు, నావైపే.

అబ్బులు ఎంతసేపని చూస్తాడు?
పెట్టె మూత పీకి రెండు వైర్లు కలిపేశాడు.
చక్రాలు లేచాయి, తెల్లగా, చప్పుడుగా.
ఆ తుంపరలో చున్నీతో అద్దం తుడిచి లాగితే
నూట పదమూడో గడిలో దొరికింది
ఒక్క "కాదు",
ఊరి చివర బస్సు దిగి దారి తెలీక నిలబడ్డట్టు.

పొద్దున్న చెప్పాను.
ఎస్తేరు "చూశావా" అంటుందనుకున్నాను. అనలేదు.
జోగిరాజు చాలాసేపు మెడ గోక్కుని
ఆ వరుసని మూడు ముక్కలు చేశాడు.
రెండో ముక్క దగ్గర ఎస్తేరు పెదాలు కదిలాయి, లెక్కపెడుతూ.

ఎనభై ఒకటి.

కుర్చీ అతనివైపు జరిపింది, కూర్చోమని.