ఎరుపుకు అవతల

ఏడేండ్ల ఫైలు.
నాలుగు టెండర్లు, అందులో రెండు రద్దు.
డాలరు పెరిగిన ఏడు
మంజూరైన పైసలకు యంత్రం వస్తుందన్నారు,
దాని కన్ను మాత్రం రాదన్నారు.

చివరికి ఆషాఢం ముసురులో
హన్మకొండ కెమిస్ట్రీ బిల్డింగు ముందు
డీసీఎం ఆగింది. కొయ్యపెట్టె.
ఏనుమాముల యార్డు నుంచి ఎనిమిది మంది హమాలీలు,
భుజాల మీది గోనెల్లో ఇంకా ఎండుమిర్చి.
"బస్తా కాదు, పైలం" అన్నాను.
"తెల్వదా మేడం, బాలింతను దించినట్టు దించుతం."

పెట్టె నలభై ఎనిమిది అంగుళాలు.
మా తలుపు నలభై రెండు.
ఏడేండ్లు అన్నీ కొలిచాం,
తలుపును తప్ప.
అటెండరు ఓదేలు గడ్డపార తెచ్చాడు.
సంతకం లేకుండా మా దగ్గర జరిగిన మొదటి పని అదే.

హైదరాబాదు నుంచి వచ్చే ద్రవ నైట్రోజన్
కాజీపేట చేరేసరికి సగం ఆవిరి.
తేమ తాగి గులాబీకి తిరిగిన సిలికా గుళికల్ని
నుస్రత్ రోజూ ఓవెన్లో
వడియాల్లా ఎండబెట్టి నీలానికి తెచ్చేది.

"కనపడని వెలుగుతోని ఏం చూస్తరు?" అడిగాడు ఓదేలు.
కొత్తవాడ జంపఖానాల ఇంటివాడు.
"పడుగు పోగు మీటితే బిగువు తెలుస్తది కదా,
ఇదీ అంతే కాకా. అణువుల నడుమ పోగుల్ని మీటుతది.
చుక్క చుక్కకూ ఏది ఎట్ల ఊగిందో రాసుకుంటది."
తల ఊపాడు. నా క్లాసులో
ఇంత తొందరగా ఎవరూ ఊపలేదు.

మొదటి నమూనా నుస్రత్ పాలిమర్ పొర అనుకున్నాం.
కానీ పెట్టె మూత మీద
హమాలీ గోనె రాల్చిన చిటికెడు ఎరుపు ఉంది.
ఆ పిల్ల చూపు అటే.
సరే, పెట్టమన్నాను.

గంటకు తెర నిండింది.
మిర్చి అంతా నీలంగా.
నడుమ అక్కడక్కడ పసుపు రేణువులు,
వెయ్యీ ముప్పై దగ్గర నిటారుగా ఒక శిఖరం.
మిర్చిది కాదు.
మార్కెట్ మట్టో, కల్తీ ఇటుకపొడో,
చెప్పాలంటే ఇంకో నాలుగు నమూనాలు కావాలి.
నుస్రత్ అప్పటికే చెప్పులేసుకుంటోంది, యార్డుకు.

ఓదేలు తెరను చాలాసేపు చూశాడు.
"మరి ఘాటేది మేడం?"
ఉంది, కానీ ఇంత తక్కువైతే దీనికి అందదు
అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

స్టాకు రిజిస్టరులో రాశాను:
ఒకటి. పని చేయుచున్నది.
పగిలిన తలుపుకు వేరే ఫైలు తెరిచారు,
మూడు కొటేషన్లు అడిగారు.
అప్పటిదాకా అక్కడ వేలాడేది
హమాలీలు వదిలేసిన గోనెపట్టా.
దాన్ని తప్పించుకుని లోపలికి పోయినప్పుడల్లా
తుమ్ముతున్నాను.