వెనక నడవడం

వొలాగ్దాలో మంచు పడదు,
నడుస్తుంది.
కపితొలీనా అర్సేన్యెవ్నా నాకు నేర్పిన మొదటి వాక్యం అదే:
స్న్యేగ్ ఇద్యోత్.
అప్పటికి ఆవిడ కాళ్లు రెండూ
దుప్పటి కింద మూడు నెలలుగా ఊరికే ఉన్నాయి.

పొద్దున నాలుగు మేడల మెట్లు కడుగుతాను.
పదింటికి ఐదో అంతస్తు ఎక్కి
ఆవిడకి జావ తాగిస్తాను, పక్క మారుస్తాను,
ఒళ్లు ఒరుసుకుపోకుండా వీపుకి కర్పూర తైలం రాస్తాను.
నలభై ఏళ్లు బళ్లో వ్యాకరణం చెప్పిన మనిషి.
నోరిప్పుడు ఒక పక్కకే తిరుగుతుంది,
ఆ పక్కతోనే నా తప్పులు దిద్దుతుంది.

"నీకు నడవడం రాదు, సావ్రినిసో" అంది ఒకనాడు.
పామీరు కొండల్లో పుట్టినదాన్ని,
నీళ్ల డబ్బా భుజాన వేసుకుని
మేకలు జారే దారిలో ఎక్కి దిగినదాన్ని,
నవ్వొచ్చింది.

"మాకు నడకలు రెండు.
ఇట్తీ: ఇప్పుడే, ఒకే వైపుకి,
తిరిగొచ్చే ఊసెత్తకుండా.
ఖదీత్: రోజూ, అటూ ఇటూ, వెళ్లి రావడం.
తప్పటడుగులు దాటిన పసివాడు చేసేది కూడా అదే.
నువ్వు మా ఊరికి ఏ నడకతో వచ్చావు?"

బేసిన్ కడగాలని లేచి వెళ్లిపోయాను.

గోడ మీద ఒక పాత గడియారం,
కింద గొలుసులకి వేలాడే రెండు ఇనుప కాయలు.
దాని పేరు ఖోదికీ. చిన్ని నడకరులు.
రోజుకోసారి గొలుసు లాగకపోతే
ఉన్నచోటే నిలబడిపోతారు.

గడియారం నడవడం సరే, ఎక్కడైనా నడుస్తుంది.
టోపీ నడవడమేమిటి?
సంతలో కొన్న ఎర్ర ఊలు టోపీతో వస్తే
"అది నీకు నడుస్తోంది" అంది.
జారిపోతోందేమోనని రెండు చేతులా పట్టుకున్నాను.
నప్పిందట. అంతే.

సినిమా నడుస్తుంది, ఉత్తరం నడుస్తుంది.
మా అక్క దగ్గరున్న నా పిల్లకి ఆరో ఏడు నడుస్తోంది.
ఇదీ అంటే రా.
ఇదీ అంటే పో.
ఏదో తెలియాలంటే గొంతు వినాలి.
మెట్లు కడిగేవాళ్లకి ఆ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అంది:
"నువ్వు చేసే పనికీ ఒక మాటుంది. పాతది.
రోగి వెనక నడవడం."
"మీరు కదలనే కదలరు, వెనక ఎక్కడ నడవను?"
చాలాసేపు కిటికీ వంక చూసింది.
"మా అమ్మ వెనక తొమ్మిదేళ్లు నడిచాను,
ఈ గదిలోనే. ఈ మంచానికీ ఆ పొయ్యికీ మధ్య.
లెక్క కడితే
మాస్కో దాటిపోయి ఉంటాను."

పని కాగితం గడువు తీరింది.
ఆఫీసు బయట చీకటితోనే వరస.
మధ్యాహ్నానికి కిటికీ దాకా చేరాను.
లోపల ఇరవై ఏళ్ల పిల్ల, వెండి గోళ్లు.
"ఏం పని చేస్తావు?"
"యా ఖజూ జా నేయ్." ఆమె వెనక నడుస్తాను.
"ఎవరి వెనక? ఎందుకు వెంబడిస్తున్నావు?"
మళ్లీ చెప్పాను. పక్క పిల్లని పిలిచింది.
ఇద్దరూ నా రష్యన్‌కి నవ్వుకున్నారు.
చివర బల్ల దగ్గర కళ్లజోడాయన
కలం పక్కన పెట్టి తలెత్తాడు.
"సరిగ్గానే అంది. మా నాయనమ్మ అనేది ఆ మాట"
అని మళ్లీ కాగితాల్లోకి వంగాడు.
వెండి గోళ్లు ఒక్క క్షణం ఆగి
ఖాళీలో "సంరక్షణ" అని రాశాయి.
ముద్ర పడింది.

ఐదో అంతస్తు చేరేసరికి దీపాలు పెట్టారు.
గది నిశ్శబ్దంగా ఉంది, ఇనుప కాయలు నేలకి ఆనుకుని.
ముందు పక్క మార్చాను. తర్వాత గొలుసు లాగాను.
వెండి గోళ్ల పిల్ల సంగతి చెప్పాను.
ఆవిడ సగం ముఖం నవ్వింది.
రెండో సగం కాస్త వెనకగా
నడిచొచ్చినట్టే అనిపించింది, నిజమో కాదో.

"వెళ్లావా?" అంది.
"వెళ్లొచ్చాను" అన్నాను, ఆ రెండో నడకతో.

దిద్దలేదు.