గడప దాటని దెబ్బ

కంచరపాలెంలో టైర్ల కొట్టు మీద గది.
గోడలకి గుడ్ల అట్టలు, కిటికీకి పాత పరుపు.
రాత్రి పదకొండు దాటితేనే రికార్డింగు.
అప్పటిగ్గానీ కింద కంప్రెసర్ నోరు మూయదు.

సూరాడ ధనరాజు చెప్పులు విడిచి,
లుంగీ ఎగగట్టి డ్రమ్ముల ముందు కూర్చున్నాడు.
నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు వాయించాడు.
పగలు షిప్‌యార్డులో ఇనుప రేకుల మీద సుత్తి,
పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్కెస్ట్రాలో కర్రలు.
ఎడమ చెవి యార్డుకే ఇచ్చేశాడు.
అందుకేనేమో ఎడమ చెయ్యి
ఎప్పుడూ వెంట్రుకవాసి వెనక నడుస్తుంది,
ఎండలో చెప్పు తెగినవాడిలా.

డైరెక్టరుగారికి ఆ నడక కావాలి, ఆ చప్పుడు అక్కర్లేదు.
"వాయింపు ఉంచండి, డ్రమ్ములు మార్చండి" అన్నాడు ఫోన్లో.
అంటే దెబ్బని తోలు మీంచి ఒలిచి
అంకె చెయ్యాలి.
ఎప్పుడు పడింది, ఎంత గట్టిగా పడింది, ఆ రెండే.
బలం ఒకటి నుంచి నూట ఇరవై ఏడు.
చెయ్యి విరిగేలా కొట్టినా నూట ఇరవై ఏడే.

ఒక నొక్కు నొక్కాను.
వంజరం పొలుసులా మెరిసే అల
గళ్ళలో చిన్న చిన్న ఇటుకలయింది.
వెనక ప్లాస్టిక్ కుర్చీలోంచి ధనరాజు:
"ఇదేటి పాపా, బీడీ కట్టలు పేర్చినట్టు?"

వినిపించాను.
ఏ దేశంలోనో ఎత్తైన చెక్క గదిలో
ఎవరో ఒక్కొక్కటే కొట్టి అమ్మిన డ్రమ్ములు
ఇతని చేతుల వేళకి మోగాయి.
తల ఊపాడు. ఊపుతూ ఆగాడు.
"ఇక్కడ నానొకటి ముట్టుకున్నాను. అదేదీ?"

రెండు స్నేర్ దెబ్బల మధ్య
మెతుకు పట్టి చూసినంత మెల్లగా కర్ర ఆనించాడట.
యంత్రానికి థ్రెషోల్డ్ అని ఒకటుంటుంది, నేను గడప అంటాను.
అంతకంటే మెల్లగా వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వదు.

గడప దించాను.
ఆ ముట్టుకున్నది వచ్చింది, బలం పదకొండు.
దాని వెనకే ఊరంతా వచ్చింది.
మర్రిపాలెం వైపు పోయే గూడ్సు, ఫ్యాను రెక్క,
పక్క సందు కుక్క, కుర్చీ కిర్రు,
హార్బర్లో ఓడ కూసిన కూత పెద్ద టామ్ అయి కూర్చుంది.
ధనరాజు దగ్గు స్నేర్ అయింది, బలం ముప్పై నాలుగు.
"దగ్గు బాగానే కొట్టాను" అన్నాడు.

కుడి చెవి స్పీకర్ వైపు తిప్పి
ఒక్కొక్కటీ చెప్పాడు. నేను చెరిపాను.
ఇది రైలు. ఇది కుర్చీ. ఇది నానే.
ఇదీ నానే, గానీ తప్పు కొట్టాను, తీసీ.
అది మటుకు తియ్యలేదు.

అన్నిటినీ గీతల మీదకి సర్దే మీట ఒకటుంది.
దాని జోలికి పోలేదు.
అబద్ధం. ఒకసారి నొక్కి విన్నాను.
సైరను మోగితే గేటు దగ్గర వరస కట్టినట్టు
అన్ని దెబ్బలూ వేళకి వచ్చాయి,
ధనరాజు తప్ప.
వెంటనే వెనక్కి తీసుకున్నాను.

చివరికి ఒక్కటి మిగిలింది,
ఒకటీ నలభై ఏడు దగ్గర, బలం తొమ్మిది.
ఆరుసార్లు విన్నాం. రైలు కాదు, కుక్క కాదు, అతనూ కాదు.
"వొగ్గీ పాపా. ఎవులో కొట్టీసినారు."

తెల్లారుతోంది. మొదటి షిఫ్టుకి పోవాలి.
చెప్పులు వెతుక్కుని మెట్ల మీద ఆగాడు.
"అంకెలైపోనాయి గదా,
ఇకన నన్ను పిలవక్కర్లేదా?"

కింద కంప్రెసర్ మొదలైంది.
ఏదో అన్నాను.
అతని ఎడమ చెవి నా వైపుంది.