నీసు పెట్టె

ఇది చేపల పెట్టె.
పామంజి కావమ్మ అల్లూరు సంతకి
వంజరం మోసిన నీలం ప్లాస్టిక్కు.
మూత అంచు చిట్లితే నాకిచ్చి
"నీ బ్యాటరీకి చలెయ్యదులే" అని నవ్వింది.

బ్యాటరీ, మూతబడ్డ నెట్ సెంటర్ది.
యూపీయెస్ కడుపులోంచి తీసి
మూడు రాత్రులు ఛార్జీ పెడితే
పన్నెండున్నర దగ్గర నిలబడింది.
ఇప్పుడీ పెట్టెలో ఒకే ముల్లు,
మీటరుది.

సాకెట్టు పాత ఆటోది.
వైరు మాత్రం కొత్తది.
కావలిలో ఖాదర్‌మస్తాన్
టంకం పొగలోంచి తలెత్తి
"ఫ్యూజు యాడ?" అన్నాడు.
పది రూపాయలకి కక్కుర్తి పడ్డానని చెప్పలేదు.
తనే వేశాడు, తిడతా తిడతా.
కదలకుండా అడుగున చిరుగు వల కుక్కాం.
మొత్తం పదకొండొందల నలభై,
టీలు కలపకుండా.

కార్తీకంలో వాయుగుండం.
కరెంటు సందేళే పోయింది,
టవరు తొమ్మిదింటికి.
తుఫాను షెల్టరు మెట్ల మీద మూత తీశా.
వాన వాసనకంటే ముందు నీసు.

"ఇసకపల్లి. రెండొందల పద్నాలుగు మందిమి.
ఒకామెకి నొప్పులు. రోడ్డుకడ్డంగా సర్వి చెట్లు. ఓవర్."
గరగర.
మళ్లీ చెప్పా. ముల్లు ఒక గీత దిగింది.
గరగరలోంచి నెల్లూరు గొంతు:
"నొప్పులు ఎప్పట్నించి?"

వెనక్కి తిరిగి అడిగా.
చీకట్లోంచి కావమ్మ:
"దీపాలు పెట్టే యాళ నించని చెప్పబ్బయా.
నీ పెట్టెకి గంటల్లోనే కావాలంటే
నువ్వే లెక్కేసుకో."

వేళ్ల మీద లెక్కేశా.
మీట నొక్కా.