కత్తిలాంటి సినిమా

పగలంతా తలల పైన చూపు,
రాత్రయితే తలల వెనక చూపు.
కొండమీద కల్యాణకట్టలో డ్యూటీ దిగి
ఎనిమిది దాటకుండా బస్సెక్కితే
రైల్వే గేటు అవతలి హాల్లో రెండో ఆటకు
పేర్లు పడేలోపల కుర్చీలో ఉంటా.
ముప్పై ఏళ్లుగా ఇదే లెక్క.
వేళ్లల్లో ఇంకా మందునీళ్ల వాసన.

నన్నడిగితే చెప్తా, అడక్కపోయినా చెప్తా.

ఫైటు సినిమాల మీద నాకు నమ్మకం పోయింది.
నలభై మందిని కొట్టి, బురదలో పొర్లి లేచినా
హీరో పాపిట చెదరదు.
ఆ జెల్లేందో మాకూ చెప్తే
మా గుర్రప్ప అంగట్లో పెట్టుకుంటాడు గదా.
అయినా మొదటి రోజే పోతా.
ముందు వరసల్లో విజిళ్లేసే పిలకాయల మెడలు
సగం, సెలవు రోజుల్లో నేను గీసినవే.

దెయ్యం సినిమాకు మా చెంగమ్మ రాదు.
నేనొక్కణ్ణే పోయి నవ్వుకుంటా.
జుట్టు విరబోసుకుని తెల్లచీరలో ఒకామె వస్తే
హాలంతా కేకలు.
రోజూ మూటలకు మూటలు ఎత్తేవాడికి
జుట్టంటే ఏం భయం సామీ?
నన్ను భయపెట్టాలంటే
చంటిబిడ్డ మాడు చూపించండి.
మెత్తగా కొట్టుకుంటా ఉంటుంది,
అక్కడ కత్తి ఆనించేటప్పుడు
వెనక ఏ వాయిద్యమూ మోగదు.

పౌరాణికాలు మా నాయనతో చూసినా.
కిరీటం కింద సవరం అంచు కనపడితే
"అదిగో, జిగురు" అనేవాడు,
అన్నందుకు చెంపలేసుకునేవాడు.
తప్పు పట్టడం, దండం పెట్టడం
రెండూ ఒకే చేత్తో నేర్పించి పోయినాడు.

ప్రేమ కథలా?
వాన పడకుండా ప్రేమించలేరా వీళ్లు?
తిరుచానూరు రోడ్డులో, మే నెల ఎండలో,
చెరుకురసం బండి కాడ
నేను చెంగమ్మతో మాట్లాడింది మూడే మాటలు.
మూడోది "చిల్లర లేదు."
దానికి పాట కట్టమనండి చూద్దాం.

డిటెక్టివు సినిమా అయితే
ఇంటర్వెల్లుకే హంతకుడెవడో చెప్పేస్తా, గట్టిగా.
పక్కసీటాయన ఒకసారి నా మీద టీ పోసినాడు.
తప్పు నాదే.

ఒకసారి ఏమైందంటే,
పెద్ద సినిమా, పెద్ద హీరో,
తల్లి మొక్కు తీర్చను గుండు చేయించుకునే సీను.
హాలంతా ముక్కులు చీదుతా ఉండాది.
నాకేమో చెవి వెనక రబ్బరు మడత కనపడె.
నవ్వు ఆపుకోలేకపోయినా.
కొత్త గుండుకు రంగు వేరబ్బా!
మొహం ఎండ చూసుంటుంది, నెత్తి చూసుండదు.
ఆ రెంటి మధ్య గీతలోనే
మనిషి చేసే పనేందో తెలిసిపోతుంది.
చెంగమ్మ మోచేత్తో పొడిచింది,
ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

ఇంకోసారి, ముసురు పట్టిన రోజు, హాల్లో ఏడుగురం.
పేరు గుర్తులేదు, వారం కూడా ఆడలేదు.
పాటల్లేవు, ఫైటు లేదు, కథ కూడా రోంతే.
అందులో ఒక ముసలి మంగలాయన
పిల్లోడికి గుండు చేస్తాడు.
దోసిట నీళ్లు నెత్తిన పోసి,
వేళ్లతో బాగా నానబెట్టి,
చెవిని ఇట్లా బొటనవేలితో ముందుకు మడిచి
ఊపిరి బిగబట్టినాడు.
నేనూ బిగబట్టినా.
ఆ చెయ్యి నటించలేదు.
ఎవరో మావాళ్ల పక్కన చాలా రోజులు కూర్చున్న చెయ్యి.
ఏడుపు సీను కాదది,
పిల్లోడు బఠాణీలు తింటా ఉన్నాడు, అంతే.
నేనే, తెర వెలుగులో, కండువా నోట్లో కుక్కుకున్నా.

ఆట విడిస్తే పిలకాయలు
ఏ సినిమాకైనా "కత్తిలా ఉందన్నా" అంటారు.
కత్తి పట్టినోణ్ణి, నాకు తెలీదా?
కత్తిలా ఉండేదంటే
తెగినట్టు తెలియకూడదు.

ఒంటిగంటకు బయటికొస్తే
బస్టాండు ఎదురుగా చాపలేసుకుని జనం,
గంధం ఎండిన గుండ్లు వరసగా.
పోస్టరు కింద ఒకాయన లేచి కూర్చుని
నెత్తి తడుముకుంటా ఉన్నాడు, తనదేనా అన్నట్టు.
చెవి వెనక చిన్న గాటు.
నాది కాదనుకుంటా.
అయినా ఆగి, వంగి, చూసినా.